రోమ్ మీద ఒక ఏడాది చదువు: చరిత్రకారుల వాదాల వెంట నడిచే ప్రణాళిక

ప్రాచీన ప్రపంచం గురించి ఈ ఏడాది గట్టిగా చదువుదాం అనుకున్నవాళ్లు సాధారణంగా ఒక పెద్ద జాబితాతో మొదలుపెడతారు. ఈజిప్టు, బాబిలోన్, గ్రీసు, రోమ్, మౌర్యులు, హాన్ చైనా, తలా ఒక పుస్తకం. ఉగాది వచ్చేలోపే పేర్లన్నీ కలగాపులగమై జాబితా మూలన పడుతుంది. మూడు వేల ఏళ్లను, మూడు ఖండాలను ఒక్క ఏడాదిలో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే ఈ ప్రణాళికలో చోటు ఒక్కటే, రోమ్. కాలం క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 600 దాకా. అదీ తక్కువేం కాదు, ఎనిమిది వందల ఏళ్లు.

రోమ్‌నే ఎందుకంటే, దాని గురించి చరిత్రకారులు దశాబ్దాల తరబడి బాహాటంగా వాదించుకున్నారు. చక్రవర్తుల పేర్లు, యుద్ధాల తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక పెంకుముక్కను పట్టుకుని ఎంత దూరం వెళ్లవచ్చు, విరిగిన శాసనం దగ్గర ఎక్కడ ఆగిపోవాలి అన్నది మాత్రం ఇద్దరు పండితులు తలపడినప్పుడే తెలుస్తుంది. కాబట్టి ఏడాది పొడవునా ఒకటే నియమం పెట్టుకోండి: ఒక ప్రశ్న, దాని మీద ఏకీభవించని ఇద్దరు చరిత్రకారులు, పక్కన ఆ కాలంలోనే రాసిన ఒక మూలం.

ముందు గంటలు లెక్కేసుకోండి

పరిశోధన గ్రంథం నవలలా సాగదు. నోట్సు రాసుకుంటూ చదివితే గంటకు 20 పేజీలు మంచి వేగమే. రోజుకు గంట చొప్పున వారానికి ఐదు రోజులు కూర్చుంటే 100 పేజీలు అవుతాయి. 350 పేజీల పుస్తకానికి మూడున్నర వారాలు పడుతుంది. ఆ లెక్కన ఏడాదికి పద్నాలుగు పుస్తకాలు వస్తాయి కదా అనిపిస్తుంది. పద్నాలుగు పెట్టుకోకండి, ఎనిమిది పెట్టుకోండి. ఇంట్లో పెళ్లి, పిల్లల పరీక్షలు, మార్చి నెల ఆఫీసు పని, ఇవన్నీ వస్తాయి. అవి పోగా మిగిలిన సమయం వ్యాసాలకు, మూలాలకు, ఒకసారి చదివి అర్థంకాని అధ్యాయాన్ని మళ్లీ చదవడానికి కావాలి.

ఒక మందపాటి నోట్‌బుక్ తీసుకుని ప్రతి పేజీనీ మూడు నిలువు గడులుగా విడగొట్టండి. మొదటి గడిలో రచయిత చేసిన వాదం. రెండో గడిలో దానికి చూపిన ఆధారం: శాసనమా, నాణెమా, తవ్వకంలో దొరికిన వస్తువా, ఎవరో ప్రాచీన రచయిత చెప్పిన మాటా, లేక మరో పరిశోధకుడి లెక్కా. మూడో గడి మొదట ఖాళీగా ఉంచండి. ఆ వాదాన్ని కాదన్నవారు తర్వాతి నెలల్లో ఎదురైనప్పుడు వెనక్కి వచ్చి అందులో రాస్తారు. ఈ మూడో గడి నిండుతున్నకొద్దీ మీ చదువు లోతుకు దిగుతున్నట్టు. నోట్సు తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే అర్థమైందన్న భ్రమ మిగులుతుంది. మన మాటల్లో పెట్టబోయినప్పుడే ఎక్కడ అర్థంకాలేదో బయటపడుతుంది.

జనవరి, ఫిబ్రవరి: నేల చూసుకోవడం

మొదటి పుస్తకంగా మేరీ బియర్డ్ 2015లో తెచ్చిన 'ఎస్‌పీక్యూఆర్' చదవండి. క్రీ.పూ. 63లో రోమన్ రాజకీయ నాయకులు సిసిరో, కాటిలైన్‌ల తగాదాతో మొదలై, వెనక్కి రోమ్ పుట్టుక దాకా వెళ్లి, క్రీ.శ. 212లో చక్రవర్తి కారకల్లా సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ పౌరసత్వం ఇచ్చిన దగ్గర ఆగుతుంది. ఒక కథ చెబుతూనే, ఈ కథ మనకెలా తెలుసు అని ప్రతి అధ్యాయంలోనూ ఆగి అడిగే పుస్తకం. ఏడాది మొత్తానికీ కావలసిన అలవాటు ఇక్కడే పడుతుంది.

దీంతోపాటు మధ్యధరా పటం ఒకటి అచ్చువేసి గోడకు తగిలించండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2012లో ఉచితంగా పెట్టిన 'ఆర్బిస్' అనే నమూనాలో రోమన్ కాలంలో ఒక ఊరి నుంచి మరో ఊరికి ఏ రుతువులో ఎన్ని రోజులు పట్టేదో, సరుకు మోయడానికి ఎంత ఖర్చయ్యేదో చూడవచ్చు. ఓ సాయంత్రం దాంతో గడపండి. సముద్రం మీద ధాన్యం ఎంత చవకగా కదిలేదో, ఎడ్లబండి మీద ఎంత ఖరీదో ఒకసారి చూశాక, రోమ్ నగరం ఈజిప్టు గోధుమల మీద ఎందుకు బతికిందో వేరే వివరించక్కర్లేదు.

మార్చి, ఏప్రిల్: రిపబ్లిక్ ఎందుకు కూలింది

రిపబ్లిక్ అంటే చక్రవర్తులు రాకముందు ఎన్నికైన అధికారులు, సెనేట్ కలిసి నడిపిన పాలన. అది ఎందుకు కూలిందన్న ప్రశ్నకు రొనాల్డ్ సైమ్ రాసిన 'ది రోమన్ రివల్యూషన్' తప్పించుకోలేని పుస్తకం. 1939 సెప్టెంబరులో, యూరప్‌లో యుద్ధం మొదలైన రోజుల్లోనే వచ్చింది. ముసోలినీ ఇటలీలో తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్‌ను ఆదర్శంగా ఊరేగిస్తున్న కాలం అది. సైమ్ ఆ అగస్టస్‌ను ఒక ముఠా నాయకుడిగా చూపించాడు. రాజ్యాంగం పైపై తొడుగనీ, దాని వెనక ఏ కుటుంబం ఎవరితో వియ్యమందింది, ఎవరు ఎవరికి పదవి ఇప్పించారు, ఎవరి ఆస్తి ఎవరి పరమైంది అన్నదే అసలు రాజకీయమనీ చూపించాడు. పేర్లు వందల్లో వస్తాయి, భయపడకండి. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బంధుత్వాలు, వర్గాలు, కాంట్రాక్టుల మధ్య నడిచే రాజకీయం మనవాళ్లకు కొత్త కాదు కనుక సైమ్ పద్ధతిని తెలుగు పాఠకులు తొందరగా పట్టుకుంటారని నా నమ్మకం.

దీనికి ఎదురుగా ఎరిక్ గ్రూయెన్ 1974లో రాసిన 'ది లాస్ట్ జనరేషన్ ఆఫ్ ది రోమన్ రిపబ్లిక్' పెట్టుకోండి. మొత్తం చదవనక్కర్లేదు, ముందుమాట, ముగింపు, మధ్యలో ఎన్నికల మీద, చట్టాల మీద ఉన్న అధ్యాయాలు చాలు. రిపబ్లిక్ కుళ్లిపోవడం వల్ల అంతర్యుద్ధం రాలేదు, అంతర్యుద్ధం వచ్చినందువల్ల రిపబ్లిక్ కూలింది అంటాడాయన. క్రీ.పూ. 50 దాకా వ్యవస్థ మామూలుగానే నడుస్తోందని ఆధారాలు పేరుస్తాడు. సైమ్ చదివాక గ్రూయెన్‌ను తెరిస్తే మొదట ఒప్పుకోబుద్ధి కాదు. ఆ ఒప్పుకోలేకపోవడం ఎందుకో నోట్‌బుక్ మూడో గడిలో రాయండి. ఫలితం తెలిసిన మనం, ఆ ఫలితం ముందే రాసిపెట్టి ఉందని ఎంత సులువుగా నమ్ముతామో అప్పుడు కనబడుతుంది.

మూలంగా అగస్టస్ తన గురించి తానే రాయించుకున్న 'రెస్ గెస్టే' తీసుకోండి. 35 చిన్న అధ్యాయాలు, ఒక పూటలో అయిపోతుంది. దాని ప్రధాన ప్రతి టర్కీలోని అంకారాలో ఒక ఆలయం గోడల మీద లాటిన్‌లో, గ్రీకులో చెక్కి ఉంది. పందొమ్మిదేళ్ల వయసులో సొంత ఖర్చుతో సైన్యాన్ని సమకూర్చానని మొదలుపెడతాడు. అంటే ఒక ప్రైవేటు వ్యక్తి చట్టవిరుద్ధంగా సైన్యం లేపడాన్ని ఘనకార్యంగా చెప్పుకుంటున్నాడు. తన ప్రత్యర్థి ఆంటొనీ పేరు ఎక్కడా ఎత్తడు. తనను దత్తత తీసుకున్న జూలియస్ సీజర్‌ను చంపిన బ్రూటస్, కాసియస్‌లు 'నా తండ్రిని చంపినవారు' మాత్రమే. పెన్సిల్ పట్టుకుని, ఎవరి పేర్లు లేవో అంచున రాసుకుంటూ చదవండి. శాసనం చదవడంలో సగం పని అదే. మన శాసనాల ప్రశస్తులకూ ఇదే చూపు పనికొస్తుంది.

మే నుంచి జులై: సరుకు, పన్ను, సముద్రం

ఈ మూడు నెలలూ ఏడాదికి గుండెకాయ. ఇక్కడ తొందరపడకండి.

మోజెస్ ఫిన్లీ అమెరికాలో పుట్టాడు. 1950ల మొదట్లో కమ్యూనిస్టుల వేట సాగిన రోజుల్లో సెనేట్ కమిటీ ప్రశ్నలకు జవాబివ్వనన్నందుకు అక్కడి ఉద్యోగం పోయి, ఇంగ్లండ్ వెళ్లి కేంబ్రిడ్జిలో స్థిరపడ్డాడు. 1973లో వచ్చిన ఆయన 'ది ఏన్షియంట్ ఎకానమీ' చిన్న పుస్తకం, కానీ ఆ తర్వాత వచ్చినవాళ్లంతా దానికి జవాబు చెప్పుకుంటూనే ఉన్నారు. ఫిన్లీ వాదం ఇది: ప్రాచీనులకు మనం అనుకునే మార్కెట్ లేదు. ధనవంతుడు లాభం కోసం కాక హోదా కోసం భూమి కొన్నాడు. నగరాలు ఉత్పత్తి కన్నా వినియోగం మీదే బతికాయి. దూరదేశాల వ్యాపారం ఉన్నా, ఆర్థిక వ్యవస్థను నడిపించేంత పెద్దది కాదు.

దీని తర్వాత కీత్ హాప్కిన్స్ 1980లో 'జర్నల్ ఆఫ్ రోమన్ స్టడీస్'లో పన్నుల మీద, వ్యాపారం మీద రాసిన వ్యాసం చదవండి. రోమ్ నాణేల్లో పన్ను అడిగింది కనుక, ఆ నాణేలు సంపాదించడానికి సామ్రాజ్యంలోని రాష్ట్రాలు సరుకు అమ్ముకోవలసి వచ్చిందని ఆయన ఊహ. మునిగిన ఓడల శిథిలాలను కాలాలవారీగా లెక్కించి, రోమ్ ఉచ్ఛస్థితిలో ఉన్న శతాబ్దాల్లో అవి ఎలా పెరిగాయో చూపించాడు. తర్వాతి కాలంలో గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో రోమన్ కాలపు సీసం కాలుష్యం బయటపడింది. వెండి ఖనిజం కరిగించిన కొలిముల పొగ అంత దూరం వెళ్లి మంచులో నిలిచిందన్నమాట. రోమ్ నగరంలో మాంటే టెస్టాచో అనే గుట్ట ఉంది. సుమారు 35 మీటర్ల ఎత్తున్న ఆ గుట్టంతా నూనె జాడీల పెంకులే, ఎక్కువభాగం దక్షిణ స్పెయిన్ నుంచి వచ్చిన ఆలివ్ నూనెవి. ఇవన్నీ ఫిన్లీని ఓడించాయా? ఈ ప్రశ్నకు మీరే జవాబు రాయండి. సరుకు చాలా కదిలింది అనడం వేరు, ధరలూ లాభాలూ ఆ కదలికను నడిపాయి అనడం వేరు. నగరవాసులకు పంచే నూనె, సైన్యానికి పంపే ధాన్యం రాజ్యమే కదిలించి ఉండవచ్చు కదా. ఈ తేడా పట్టుకున్నవారికి ఈ రంగంలో సగం వాదాలు తేటపడతాయి.

మూలాలుగా రెండు పెట్టుకోండి. మొదటిది ఎర్ర సముద్రం మీదుగా భారత తీరానికి సాగే వ్యాపారం గురించి క్రీ.శ. ఒకటో శతాబ్దంలో పేరు తెలియని గ్రీకు వ్యాపారి రాసిన 'పెరిప్లస్'. లయొనెల్ కాసన్ 1989లో ఇచ్చిన అనువాదం, వ్యాఖ్యానం చూడండి. 66 చిన్న విభాగాలే. 62వ విభాగంలో మసాలియా అనే ప్రాంతం వస్తుంది, అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని రాశాడు. గ్రీకు భూగోళ రచయిత టాలెమీ మైసోలియా అన్నదీ ఇదే. కృష్ణా, గోదావరి తీరం. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. మన నేతగాళ్ల గురించి ఎర్ర సముద్రపు వ్యాపారి ఒకడు రెండు వేల ఏళ్ల కింద విని రాసుకున్న మాట అది.

రెండో మూలం ముజిరిస్ పత్రం. ఈజిప్టులో దొరికిన, ఇప్పుడు వియన్నాలో ఉన్న పపైరస్ (రెల్లుతో చేసిన ప్రాచీన కాగితం) ముక్క. 1985లో ప్రచురించారు. ఒకవైపు కేరళ తీరంలోని ముజిరిస్ ప్రయాణానికి సంబంధించిన అప్పు ఒప్పందం, రెండోవైపు 'హెర్మపొల్లాన్' అనే ఓడలో వచ్చిన సరుకు విలువ. పావు వంతు సుంకం పోగా కూడా దాదాపు 70 లక్షల సెస్టర్షియస్ (రోమన్ నాణెం). భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్షియస్ లాగేసుకుంటోందని ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఫిర్యాదు చేశాడు. ఒక్క ఓడ విలువే అంతైతే ప్లినీ అంకె ఎక్కువ చెప్పాడా, తక్కువ చెప్పాడా? లెక్క వేసి చూడండి.

జులైలో ఒక వారం పూర్తిగా రౌలెటెడ్ వేర్ కుండల కోసం ఉంచండి. ఒక సిద్ధాంతం ఎలా పుడుతుందో, ఎలా వీగిపోతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తవ్వి, అక్కడిది రోమన్ వర్తక కేంద్రం అన్నాడు. పళ్లెం అడుగున చుక్కల వలయాలున్న ఆ నునుపైన పాత్రలను మధ్యధరా నుంచి వచ్చినవిగా లెక్కగట్టాడు. అటుపైన భారత తీరమంతా వాటి కాలాన్ని దానిమీదే నిర్ణయించారు. 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ అదే చోట మళ్లీ తవ్వించి, ఆ ఊరు రోమన్ల రాకకు ముందే ఉందని చూపించారు. మట్టిలోని ఖనిజాలను పరీక్షించాక ఆ పాత్రలు ఇక్కడే తయారయ్యాయని తేలింది. అవే పాత్రలు మన ధరణికోట, అమరావతి, శాలిహుండాల్లోనూ దొరికాయి. కాబట్టి పాత తెలుగు చరిత్ర పుస్తకంలో 'రోమన్ కుండలు దొరికాయి' అన్న వాక్యం కనబడితే అచ్చైన ఏడాది చూడండి. అదే సమయంలో నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు మాత్రం నిజంగా అక్కడివే. నాణెం చేతులు మారుతూ ఎంత దూరమైనా వస్తుంది, దాని వెనకే రోమన్ వర్తకుడూ వచ్చాడని అనుకోవడానికి లేదు.

ఆగస్టు: బానిసలు

కీత్ బ్రాడ్లీ 1994లో రాసిన 'స్లేవరీ అండ్ సొసైటీ ఎట్ రోమ్' చదవండి, దాంతో హాప్కిన్స్ 'కాంకరర్స్ అండ్ స్లేవ్స్' నుంచి మొదటి అధ్యాయం. హాప్కిన్స్ విజయ యుద్ధాలను, నేల కోల్పోయిన రైతులను, బానిసల దిగుమతిని ఒకే గొలుసుగా కలుపుతాడు. బ్రాడ్లీ బానిస వైపు నుంచి చూస్తాడు: పారిపోవడం, పని ఎగ్గొట్టడం, అబద్ధమాడటం కూడా ప్రతిఘటనే అంటాడు. తన బతుకు గురించి తాను రాసుకున్న రోమన్ బానిస మాట మనకు దాదాపు మిగల్లేదు. యజమానుల రాతల నుంచి బానిసల జీవితాన్ని బయటకు లాగడం ఎంత కష్టమో ఈ నెలలో చూస్తారు. ఇది బరువైన చదువు, ఒక్క నెలకే పరిమితం చేసుకోండి.

సెప్టెంబరు నుంచి నవంబరు: రోమ్ పతనమైందా

రోమ్ పతనం మీద ఎడ్వర్డ్ గిబ్బన్ రాసిన ఆరు సంపుటాలు 1776 నుంచి 1788 మధ్య వచ్చాయి. శైలి కోసం మొదటి మూడు అధ్యాయాలు రుచి చూడండి చాలు. ఈ ప్రణాళికలో ఆయన్ని పూర్తిగా చదవబోతే మిగతావి మునిగిపోతాయి. క్రిస్ వికమ్ 2005 నాటి దాదాపు వెయ్యి పేజీల గ్రంథం కూడా గొప్పదే, దాన్ని మరో ఏడాదికి అట్టిపెట్టండి.

సెప్టెంబరులో పీటర్ బ్రౌన్ 1971లో రాసిన 'ది వరల్డ్ ఆఫ్ లేట్ యాంటిక్విటీ'. చిన్నది, బొమ్మలతో నిండినది. క్రీ.శ. 150 నుంచి 750 దాకా పతనం కనిపించిన చోట బ్రౌన్ కొత్త సృష్టిని చూశాడు: సన్యాసులు, బిషప్పులు, సిరియా, పర్షియా, తొలి ఇస్లాం. ఈ పుస్తకం తర్వాత 'పతనం' అన్న మాట వాడటానికే ఒక తరం పండితులు మొహమాటపడ్డారు.

అక్టోబరులో బ్రయన్ వార్డ్-పర్కిన్స్ 2005లో రాసిన 'ది ఫాల్ ఆఫ్ రోమ్ అండ్ ది ఎండ్ ఆఫ్ సివిలైజేషన్'. పురావస్తు శాస్త్రవేత్త కొడుకు, రోమ్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఆయన వాదమంతా మామూలు జనం వాడిన వస్తువుల మీద నిలుస్తుంది. రోమన్ కాలంలో పల్లెటూరి రైతు కూడా నాణ్యమైన చక్రం కుండ వాడాడు, పెంకుటింట్లో ఉన్నాడు. ఐదో శతాబ్దం తర్వాత పశ్చిమాన, ముఖ్యంగా బ్రిటన్‌లో, అవి మాయమయ్యాయి. పశువుల ఎముకలు కొలిస్తే వాటి పరిమాణం కూడా తగ్గింది. బ్రౌన్ చూసింది మఠాలనూ ఆలోచనలనూ, ఈయన చూసింది కంచాన్నీ కప్పునూ. నా మటుకు నాకు వార్డ్-పర్కిన్స్ వాదమే బలంగా అనిపిస్తుంది. మామూలు మనిషి ఇంటి కప్పు ఊడిపోతే దాన్ని పతనం అనకపోవడం నాకు న్యాయంగా తోచదు. మీరు చదివి వేరే తీర్పుకు రావచ్చు. అదే నెల చివర పీటర్ హెదర్ 2005 నాటి పుస్తకం 'ది ఫాల్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్' నుంచి హూణుల అధ్యాయాలూ, క్రీ.శ. 439లో వాండళ్లు అనే జర్మానిక్ తెగవాళ్లు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీని పట్టుకున్న భాగమూ తీసుకోండి. ఉత్తర ఆఫ్రికా ధాన్యం, పన్నులు పోయాక పశ్చిమ సామ్రాజ్యానికి సైన్యాన్ని పోషించే దారే మిగల్లేదన్న ఆయన లెక్క, మే నెలలో మీరు చదివిన పన్నుల వాదంతో నేరుగా కలుస్తుంది.

నవంబరులో కైల్ హార్పర్ 2017లో రాసిన 'ది ఫేట్ ఆఫ్ రోమ్'. వాతావరణం, రోగాలు. క్రీ.శ. 165 నాటి మహమ్మారి, 536 నాటి అగ్నిపర్వతం బూడిదతో మసకబారిన సూర్యుడు, 541లో మొదలైన ప్లేగు. బవేరియాలోని ఆష్‌హైమ్ శ్మశానంలో ఆరో శతాబ్దపు అస్థికల్లో ప్లేగు బాక్టీరియా డీఎన్ఏ దొరికింది కనుక రోగం ఏమిటన్నది ఇప్పుడు సందేహం కాదు. ఎంతమంది చనిపోయారన్నదే తగాదా. హార్పర్ జనాభాలో సగం దాకా పోయి ఉండవచ్చంటాడు. 2018లో జాన్ హాల్డన్, మరికొందరు కలిసి ఆయన పద్ధతిని తప్పుపడుతూ మూడు భాగాల సమీక్ష రాశారు. 2019లో మరో బృందం పపైరస్‌లు, శాసనాలు, నాణేలు లెక్కించి అంత పెద్ద మరణాల జాడ వాటిలో లేదంది. పుస్తకం ముగించిన వెంటనే ఈ విమర్శలు చదవండి, వారం కూడా ఆగకండి. పుస్తకం వేడి చల్లారేలోపు విమర్శ చదివితేనే ఏ వాక్యం దగ్గర మీరు లొంగిపోయారో గుర్తుంటుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి

మూలాల పాత అనువాదాలు పర్సియస్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఉచితంగా ఉన్నాయి. సమీక్షలకు 1990 నుంచి నడుస్తున్న 'బ్రిన్ మార్ క్లాసికల్ రివ్యూ' కూడా ఉచితమే. పుస్తకం కొనేముందు అందులో ఒక సమీక్ష చదివితే చాలా డబ్బు మిగులుతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనో కాలేజీలోనో చదువుతున్నవారికి 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద దాదాపు 13 వేల జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రేరియన్‌ను అడగండి. చాలామంది విద్యార్థులకు ఈ సంగతే తెలియదు. విద్యార్థులు కానివారు పరిశోధన వ్యాసాల వెబ్‌సైట్ జేస్టోర్‌లో ఉచిత ఖాతా తెరిస్తే నెలకు కొన్ని వ్యాసాలు తెరమీద చదువుకోవచ్చు. ఫిన్లీ, బ్రౌన్ లాంటి పాత పుస్తకాలు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కూడా తగలవచ్చు, కళ్లు తెరిచి ఉంచండి.

డిసెంబరు: రాయడం

ఈ నెల కొత్త పుస్తకం ముట్టకండి. నాలుగు ప్రశ్నల్లో మిమ్మల్ని ఎక్కువ వేధించినదాన్ని ఎంచుకుని, తెలుగులో 1500 మాటల వ్యాసం రాయండి. మొదటి పేరాలో ఒప్పుకోనివారి వాదాన్ని, వాళ్లే చదివితే 'అవును, మేమన్నది ఇదే' అనేంత నిజాయితీగా పెట్టండి. ఆ తర్వాతే మీ తీర్పు. ప్రతి వాక్యం పక్కన నోట్‌బుక్‌లోని రెండో గడి నుంచి ఆధారం చూపించగలగాలి. చూపించలేని వాక్యాన్ని కొట్టేయండి. చరిత్ర తెలిసిన ఒక స్నేహితుడికి, అసలు తెలియని ఒక స్నేహితుడికి ఇచ్చి చదివించండి. మొదటివారు తప్పులు పట్టుకుంటారు, రెండోవారు ఎక్కడ అర్థంకాలేదో చెబుతారు.

తర్వాత నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిప్పుతూ మూడో గడి ఇంకా ఖాళీగా ఉన్నచోట్ల గుర్తు పెట్టండి. మీకు ఒక్క వాదమే తెలిసి, ఎదుటివాదం తెలియని ప్రశ్నలవి. వాటిలో ఒకటి వచ్చే ఏడాది మొదటి మూడు నెలలకు తీసుకోండి.